కుడి పక్కన నీళ్ళు

విరిగిన ఎముక ఉండకూడని వైపు ఉంది.

జకియా ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి రెండోసారి చూసింది. మూలన కుడి అని సూచించే గుర్తు స్పష్టంగా ఉంది. రత్నాకర్‌కి విరిగింది కుడి కాలర్ బోన్. ఎడమది చెక్కుచెదరలేదు.

ఫిల్మును కవర్లో పెట్టి, ఆ కవర్ని మిగతా కాగితాల కిందికి తోసేసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. నిజామాబాద్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న మొదటి విద్య అది. ఉద్యోగం వదిలి భర్త వెంట దోహా వచ్చి, ఇక్కడి మనవాళ్ళకి కష్టమొచ్చినప్పుడు ప్రైవేటుగా ఆరాలు తీసిపెట్టడం మొదలుపెట్టాక కూడా ఆ విద్యతోనే నెగ్గుకొస్తోంది.

ఎదురుగా సోఫాలో రత్నాకర్ ఎడమ చేత్తో చాయ్ తాగుతున్నాడు. నలభై దాటిన సివిల్ ఇంజనీరు. అబూ హమూర్‌లో సొంతంగా తీసుకున్న ఫ్లాటు, గోడ మీద దండ వేసిన భార్య ఫోటో. మూడు నెలల కింద ఆ భార్య స్వర్ణతో కలిసి స్కాట్లండ్ వెళ్ళాడు. స్వర్ణ చెల్లెలు మాలతి అక్కడ ఇన్వర్నెస్‌లో నర్సు. ముగ్గురూ కారు అద్దెకి తీసుకుని కొండలూ సరస్సులూ చూడటానికి బయల్దేరారు. రెండు రోజులు సంబరంగా గడిచాయి. మూడోరోజు మధ్యాహ్నం కారు రోడ్డు తప్పి సరస్సులో పడింది. వెనక సీట్లో ఉన్న స్వర్ణ మునిగి చనిపోయింది. మాలతి తలకి దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ, ఆ రోజు జరిగిందేదీ ఆమెకి గుర్తులేదు.

కారు నడిపింది మాలతేనని రత్నాకర్ చెప్పాడు. కాదనడానికి మాలతి దగ్గర జ్ఞాపకమే లేదు. వచ్చే సోమవారం ఆమె అక్కడి కోర్టులో నిలబడి, నా నిర్లక్ష్యం వల్లే మా అక్క చనిపోయిందని ఒప్పుకోబోతోంది.

ఇవాళ శుక్రవారం.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి" అంది జకియా.

"ఎన్నిసార్లు మేడమ్?"

"నేను ఆ దేశం చూడలేదు. నాకు అర్థమయ్యేట్టు చెప్పండి. ఆ రోడ్లెట్లుంటయ్?"

రత్నాకర్ కప్పు కింద పెట్టాడు. "ఊళ్ళల్ల రోడ్లు మన మంచమంత ఉంటయ్ మేడమ్. ఒక్క బండే పడుతది. పోయేటోళ్ళకూ వచ్చేటోళ్ళకూ అదే రోడ్డు. కొంచెం కొంచెం దూరానికి పక్కకి ఉబ్బినట్టు ఇంత జాగ ఉంటది. పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెడతరు. ఎదురుగ బండొస్తే ఎవరో ఒకరు అండ్ల ఒదిగి రెండో బండికి దారియ్యాలె. గొర్రెలైతే రోడ్డు నడుమ పండుకుంటయ్, హారన్ కొట్టినా లేవయ్. ఒక దిక్కు కొండ, ఒక దిక్కు నీళ్ళు. స్వర్ణ ప్రతి మలుపుకూ ఆపమనేది, ఫోటోలకు."

"ఆ రోజు?"

అతని గొంతు మారింది. "ఆ రోజు సన్నని తుంపర పడుతోంది. మాలతి కారు నడుపుతోంది. నేను ముందు సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. స్వర్ణ వెనక ఉంది. మలుపు తిరగ్గానే ఎదురుగా ఒక వ్యాను కనిపించింది. ఆ డ్రైవరు డిప్పర్ కొట్టి మా మీదికి వచ్చాడు. మాలతి భయపడి స్టీరింగు తిప్పేసింది. కారు వెంటనే మునిగిపోయింది. నేను కిటికీలోంచి బయటపడి మాలతిని లాగాను. స్వర్ణ కోసం తిరిగి దిగేసరికి కారు పైకప్పు కూడా కనిపించలేదు."

జకియా తలూపింది. గొర్రెల ముచ్చట కరీంనగర్ తెలుగులో చెప్పినవాడు చావు ముచ్చట పేపర్ తెలుగులో చెప్పాడు. అక్కడి పోలీసులకి ఇంగ్లీషులో చెప్పింది కూడా సరిగ్గా ఈ వాక్యాలే, ఇదే వరసలో. బట్టీ పట్టిన పాఠానికి యాస ఉండదు.

"వ్యాను మీదికొచ్చిందా?"

"మీదికే వచ్చింది."

"మాలతి ఎటు తిప్పింది?"

"నీళ్ళ దిక్కు."

"నీళ్ళు ఎటు దిక్కున్నయ్?"

ఒక్క క్షణం ఆలస్యమైంది. "కుడి పక్కన."

వ్యాను డ్రైవరు చేపలు వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే ముసలాయన. ఆయన వాంగ్మూలం మాలతి లాయరు పంపగా జకియా ఫోన్లో ఉంది. తను పాసింగ్ ప్లేసులో ఆగి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒక్కసారి లైట్లు కొట్టానని చెప్పాడాయన. కారు అద్దం మీద తుంపర పడి, నడిపేది ఎవరో కనిపించలేదన్నాడు. వ్యాను అంగుళం కదల్లేదు. మరి అది మీదికొచ్చినట్టు ఎవరి కళ్ళకి కనపడింది?

ఆ మాట అడగబోతుండగా కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తియ్యగానే ముందు అత్తరు వాసన వచ్చింది, దాని వెనక ఫసీయుద్దీన్ వచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ఈ ప్రయాణానికి పాలసీ ఇచ్చిన ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తు చేసింది అతనే. దోహాలో అంతకుముందు రెండు కేసుల్లో జకియాతో తలపడ్డాడు. ఒకదాంట్లో గెలిచాడు. రెండోదాని గురించి ఎవరైనా అడిగితే మాట మారుస్తాడు.

"క్యా ఆపా! శుక్రవారం పొద్దుగాలనే మనిషి పోయిన ఇంట్ల కూసోని చాయ్ తాగుతున్నరా?"

"నువ్వొచ్చినవ్ గదా ఫసీ భాయ్, నీకూ ఒక కప్పు పోస్తరు కూసో."

"తాగనీకి రాలే. తాళమెయ్యనీకి వచ్చిన. మేడమ్ సతాయిస్తున్నదని రత్నాకర్ సాబ్ ఫోన్ చేసిండు." సోఫా చెయ్యి మీద కూర్చున్నాడు. "కేస్ ఖతమ్. నా రిపోర్టు మాలతి లాయర్ గూడ చదివిండు. ఒప్పుకుంటే శిక్ష తగ్గుతదని ఆయనే చెప్పిండు. మీరు మధ్యల దూరి ఆ పిల్లకు లేనిపోని ఆశ పెట్టకున్రి. పాపం తగుల్తది."

"నీ రిపోర్టు నేనూ చదివిన. సార్ దెబ్బ గురించి ఏం రాసినవ్?"

"సీట్ బెల్ట్ దెబ్బ. ప్యాసింజర్ సీట్ల కూసున్నోనికి బెల్ట్ కుడి భుజం మీదికెళ్ళి వస్తది. కుడి ఎముకనే ఇరిగింది. అంటే ఆయన ప్యాసింజర్. డాక్టర్ కాగితం, నా దిమాగ్, రెండూ కలిసినయ్. పక్కా."

"పక్కా" అంది జకియా.

ఆమె అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఫసీయుద్దీన్‌కి నచ్చలేదు. కళ్ళు చిన్నవి చేసి చూశాడు. రత్నాకర్ మాత్రం ఖాళీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఇగ ఒక్క పనుంది" అంది జకియా లేస్తూ. "లింబాద్రన్న అడిగిండు, మా బావ నోటితోని ఒక్కసారి వింట, తర్వాత నిన్ను ఇంకేం అడగనని."

లింబాద్రి స్వర్ణకీ మాలతికీ అన్న. దోహా అవతల అల్ షహానియాలో ఒంటెల ఫారాలకి దాణా, నీళ్ళు మోసే పికప్ నడుపుతాడు. జకియాని ఈ పనికి పెట్టుకున్నది అతనే. ఖతర్‌కి తిరిగొచ్చాక రత్నాకర్ ఒక్కసారి కూడా అతన్ని కలవలేదు.

"ఇప్పుడా? ఎండ..." అన్నాడు రత్నాకర్.

"పోదాం సాబ్" అన్నాడు ఫసీయుద్దీన్. "భయమెందుకు? నేనున్న గదా. నా బండిలనే పోదాం, ముఖం మీద చెప్పేసి వద్దాం. జుమ్మా నమాజుకు నేను వాపస్ రావాలె. యల్లా."

వాళ్ళు చెప్పులేసుకునే లోపల జకియా బాల్కనీలోకి వెళ్ళి లింబాద్రికి ఫోన్ చేసింది.

"అన్నా, ఫారాల నడుమ సన్న తొవ్వ ఉంటదన్నవ్ గదా. ఒక్క బండే పట్టేది."

"ఉన్నది చెల్లె. మా కఫీల్ సేటు గేటు దగ్గరికెళ్ళి."

"గేటు ముంగట జాగల నీ పికప్ ఆపుకో. మా బండి మలుపు తిరగంగనే ఒక్కసారి డిప్పర్ కొట్టు. బండి మాత్రం కదిలియ్యకు."

"కొడత. గని ఎందుకు?"

"అక్కడ చెప్త."

అటు ఒంటె ఏదో గుర్రుమంది. "అమ్మ ఫోన్ చేసింది చెల్లె" అన్నాడు లింబాద్రి. "ఆమెకు ఖతరూ దుబాయే, స్కాట్లండూ దుబాయే. దుబాయ్ల ఇంతమంది ఉండి నా బిడ్డను అడిగేటోళ్ళే లేరా అంటది. ఏ బిడ్డనే అమ్మా అని నేను అడగలేను. ఒక బిడ్డ సచ్చిపాయె, ఇంకో బిడ్డ సంపిందంటున్నరు. మాలతి అన్నం తింటలేదట. సోమవారం జైల్ల ఏసినా మంచిదే అంటున్నదట."

జకియా ఫోన్ పెట్టేసింది.

దుఖాన్ రోడ్డు ఖాళీగా ఉంది. ఫసీయుద్దీన్ ఎడమ పక్క స్టీరింగు ముందు కూర్చుని ఒంటి చేత్తో నడుపుతూ తన పాత విజయాలు చెప్పుకుపోతున్నాడు. అతనికి కుడి పక్కన రత్నాకర్. జకియా వెనక సీట్లో నడిమధ్యన కూర్చుంది, ఇద్దరూ కనపడేలా. రత్నాకర్ దారి పొడుగునా సీట్ బెల్టును బొటనవేలితో భుజానికి తగలకుండా ఎత్తిపట్టుకునే ఉన్నాడు.

"నొస్తున్నదా సార్?"

"బెల్ట్ తగిల్తే నొస్తది."

"ఆ రోజు కూడా బెల్ట్ ఈ భుజం మీదనే పడ్డదా?"

"ఈ భుజమే."

"రాసిన గదా ఆపా" అన్నాడు ఫసీయుద్దీన్ అద్దంలోంచి. "ఎన్నిసార్లు అడుగుతరు?"

"మతిమరుపు భాయ్. వయసైపోతున్నది."

పెద్ద రోడ్డు దిగి ఫారాల మధ్యకి మళ్ళారు. రెండు పక్కలా ఇనుప కంచెలు. నడుమ ఒక్క బండికి సరిపోయే తారు పట్టీ, దాని అంచుల నుంచి కంచెల దాకా మెత్తటి ఇసుక. కంచె లోపల ఒంటెలు రేకుల నీడలో పడుకుని ఉన్నాయి. జకియా ముందుకు వంగింది.

బండి మలుపు తిరిగింది.

ఎదురుగా, తొవ్వ కాస్త వెడల్పైన చోట, గేటు ముందు తెల్ల పికప్ ఆగి ఉంది. దాని హెడ్‌లైట్లు ఒక్కసారి వెలిగి ఆరాయి.

"అరే అంధే!" ఫసీయుద్దీన్ అరుస్తూ స్టీరింగు కుడికి తిప్పేశాడు. కుడి చక్రాలు తారు దిగి ఇసుకలో కూరుకుపోయాయి. బండి ఒక పక్కకి ఒరిగి, దబ్బున కుదిపి ఆగిపోయింది.

జకియా అతన్ని చూడలేదు. రత్నాకర్ చేతుల్ని చూసింది. లైటు వెలిగిన క్షణంలో ఆ రెండు చేతులూ ఒళ్ళోంచి లేచి, లేని స్టీరింగుని పట్టుకుని, కుడికి తిప్పాయి. నొప్పి ఉన్న చెయ్యి కూడా.

"ఇంజన్ బంద్ చెయ్యి భాయ్" అంది జకియా. "రోడ్డెందుకు దిగినవ్?"

"ఎందుకేంది? వాడు డిప్పర్ కొట్టిండు గదా! నేనొస్తున్న, జరుగు అని!"

"వచ్చిండా?"

ఫసీయుద్దీన్ అప్పుడు చూశాడు. పికప్ ఉన్నచోటే ఉంది. లింబాద్రి దిగి, బండి తలుపుకి ఆనుకుని నిలబడి ఇటే చూస్తున్నాడు.

"నువ్వు చూడలే. లైటు పడంగనే మీదికొస్తున్నడనుకున్నవ్" అంది జకియా. "నీ తప్పు కాదు. ఇక్కడ వెనక పెద్ద బండి లైటు కొడితే మనం లేన్ మారుతం. ఊళ్ళె లారీ ఎదురొచ్చి డిప్పర్ కొడితే రోడ్డు దిగుతం. మనకు పుట్టుకతోని అలవాటయిన ముచ్చట. స్కాట్లండ్‌ల డిప్పర్ కొడితే ఏం జేస్తరు?"

"ఏం జేస్తరు, గంతే. డిప్పర్ అంటే డిప్పరే."

జకియా ఫోన్ తీసి నంబరు నొక్కింది. స్పీకర్ పెట్టి రెండు సీట్ల నడుమ పట్టుకుంది. చాలాసేపు మోగాక ఒక సన్నటి గొంతు పలికింది.

"జకియక్కా? ఏమయింది?"

"ఏం కాలే మాలతీ. ఒక్క మాట అడగనీకి చేసిన. ఆలోచించకుండ చెప్పు. మీ దగ్గర ఇరుకు రోడ్డు మీద, ఎదురుంగ ఆగిన బండి నీకు డిప్పర్ కొట్టింది. ఏం చేస్తవ్?"

"పోత."

"ఎటు పోతవ్?"

"ముంగటికే అక్కా. నేను నీకోసం ఆగిన, నువ్వు రా అని అర్థం అది. పక్క నుంచి పోయేటప్పుడు చెయ్యి ఎత్తాలె, థ్యాంక్స్ అని. ఎత్తకపోతే ఈడోళ్ళకు మస్తు కోపమొస్తది." నవ్వబోయి మానుకున్నట్టు ఒక శ్వాస. "నాలుగేండ్ల సంది ఇదే రోడ్ల మీద డ్యూటీకి పోతున్న. నా చెయ్యి దానంతటదే లేస్తది."

"పక్కకు జరగాల్సొస్తే?"

"ఎడమకు. ఈడ అందరం ఎడమకే. అదే నాకు సమజైతలేదక్కా. ఆ రోజు నేను కుడికెందుకు తిప్పిన? రోజూ అదే సోంచాయిస్తున్న. లాయరేమో భయంల ఎవరైనా ఏమన్న చేస్తరంటడు. అట్లనే చేసిన్నేమో."

ఫసీయుద్దీన్ చెయ్యి ఇంకా స్టీరింగు మీదే ఉంది, కుడికి తిరిగి. దాన్ని తనే చూసుకుని, వేడి పెనం మీంచి తీసినట్టు తీసేశాడు.

"నీ ఒంట్ల ఎట్లున్నది?" అంది జకియా.

"తల నయమే. ఎడమ భుజం ఇంకా గుంజుతది. బావ నన్ను నీళ్ళలకెళ్ళి గుంజినప్పటి దెబ్బనట. బావ లేకపోతే నేనూ లేకపోదును." గొంతు తగ్గింది. "బావ ఎట్లున్నడక్కా? చెయ్యి బాగయిందా? నా ముఖం చూడబుద్దయితలేదేమో, ఫోన్ ఎత్తుతలేడు."

రత్నాకర్ కళ్ళు మూసుకున్నాడు.

జకియా ఫోన్ కట్ చెయ్యలేదు. "ఫసీ భాయ్. స్కాట్లండ్ కార్ల స్టీరింగ్ ఎటు దిక్కుంటది?"

ఫసీయుద్దీన్ నోరు తెరిచాడు. జవాబు నాలిక మీదికొచ్చి అక్కడే ఆగింది. "కుడి దిక్కు" అన్నాడు చివరికి.

"ప్యాసింజర్?"

"ఎడమ దిక్కు."

"ప్యాసింజర్ బెల్ట్ ఏ భుజం మీదికెళ్ళి వస్తది?"

అతను రత్నాకర్ కుడి భుజం మీది బెల్టుకేసి చూశాడు.

"నీ బండిల కూసోని ఆ బండి రిపోర్టు రాసినవ్ భాయ్. అక్కడ బెల్ట్ కుడి భుజం మీద పడేది ఒక్క డ్రైవర్‌కే. ఎడమ భుజం దెబ్బతిన్న మనిషి పక్క సీట్ల ఉన్న మనిషి."

"గుంజేటప్పుడు గూడ ఎముక ఇరగొచ్చు" అన్నాడు ఫసీయుద్దీన్. అలవాటు కొద్దీ అన్నాడు గానీ గొంతులో పస లేదు.

"ఇరగొచ్చు. గని బెల్టే ఇరగ్గొట్టిందని నువ్వే రాసినవ్. ఈ భుజం మీదనే పడ్డదని సార్ ఇప్పుడే నీ ముందట చెప్పిండు."

"జకియక్కా?" ఫోన్లో మాలతి గొంతు లేచింది. "బెల్ట్ ఏంది? ఎవరున్నరక్కడ?"

రత్నాకర్ తలుపు తోసుకుని బయటికి అడుగు పెట్టాడు. ఎదురుగా లింబాద్రి నిలబడి ఉన్నాడు. తెరిచిన అద్దంలోంచి ఎంతసేపటి నుంచి వింటున్నాడో. ఎండకి నల్లబడ్డ చేతులు పక్కన వేలాడుతున్నాయి. కొట్టడానికి లేవలేదు.

"బావా" అన్నాడు. "దానికి చెప్పు."

రత్నాకర్ పారిపోవడానికి చోటు చాలా ఉంది. ఎటు చూసినా ఎడారే. అతను మళ్ళీ సీటు అంచున కూలబడ్డాడు, కాళ్ళు ఇసుకలో పెట్టి.

"మాలతీ."

"బావా? నువ్వున్నవా?"

"నువ్వు నడపలే. నేను నడిపిన."

మాలతి చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "అయితే అక్కను నేను సంపలేదా?"

"లేదు."

లింబాద్రి ఉన్నచోటే ఇసుకలో చతికిలబడి మొహం మోకాళ్ళలో పెట్టుకున్నాడు. ఫసీయుద్దీన్ జేబులోంచి తన ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి, అందరికీ కనపడేలా డాష్‌బోర్డు మీద పెట్టాడు. "ఈసారి సక్కగ రాస్త" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. రత్నాకర్ దానికేసి చూశాడు. వద్దనలేదు.

జకియా వెనక్కి వాలింది. ఆమె వచ్చిన పని అయిపోయింది. సోమవారం మాలతి ఒప్పుకోవక్కర్లేదు. కానీ మాలతి అడగాల్సింది అయిపోలేదు.

"ఎందుకు బావా?" ఏడుపు లేదు ఆ గొంతులో. "చెయ్యి తప్పింది. నా చెయ్యి తప్పిందనుకొనే గదా నేను మూడు నెలలు బతికిన. నాతోని చెప్తే నేను నిన్ను ఏమందును? కారు నా పేరు మీద తీసుకున్నం, నువ్వు నడపొద్దు, అది తప్పే. దానికి ఇంత అబద్ధం ఎందుకు? అక్క పోయిన రోజు, అక్క పక్కనే నిలబడి, నా మీద పెట్టబుద్ది ఎట్లయింది?"

ఆ ప్రశ్న తనకి ఎందుకు తట్టలేదా అనుకుంది జకియా. అడుగున ఇంకేదో ఉంది. వ్యాను ముసలాయన వాంగ్మూలం గుర్తుకు తెచ్చుకుంది. ఆ లోయలో ఫోన్ సిగ్నల్ లేదు. ఆయన ఒడ్డుదాకా వచ్చి చూసి, ఫోన్ చెయ్యడానికి వ్యానెక్కి కొండ మీదికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కారు లేదు, రత్నాకర్ గొంతు లోతు నీళ్ళలో నిలబడి భార్య పేరు పెట్టి అరుస్తున్నాడు.

"ముసలాయన కొండ మీదికి పోయి వచ్చిందాక మీరొక్కరే ఉన్నరు సార్" అంది జకియా నెమ్మదిగా. "అంతసేపు ఏం చేసిన్రు?"

రత్నాకర్ ఆమె వైపు తిరగలేదు. ఫోన్ వైపే తిరిగాడు. ఈసారి అతని నోట్లోంచి వచ్చింది పేపర్ తెలుగు కాదు.

"స్వర్ణ వద్దన్నది మాలతీ. పొద్దుగాల సంది నువ్వే నడిపి అలిసిపోయినవ్. నేనే తాళం చెవి గుంజుకున్న. పదిహేనేండ్ల సంది దోహాల నడుపుతున్న, ఈ గొర్రెల తొవ్వ నాకొక లెక్కనా అన్న. మీ అక్క వెనక నుంచి అంటనే ఉన్నది, నీకీ రోడ్లు తెల్వయి, దానికియ్యి, దానికియ్యి అని. వ్యానాయన లైటు కొట్టిండు. నా చెయ్యి నన్నడగలే. కుడికి పోయింది.

"కారు మునగలే. అది అబద్ధం. ముందటి భాగం నీళ్ళల్లకు పోయింది, వెనక భాగం బండల నడుమ ఇరికి పైననే నిలబడ్డది. నేను నిన్ను గుంజి ఒడ్డున పండబెట్టిన. నువ్వు ఊపిరి తీస్తలెవ్. పెదాలు నీలమైనయ్. నువ్వు సచ్చిపోయినవనుకున్న మాలతీ. నేనే సంపిన్ననుకున్న. ముసలాయన ఉరికొచ్చిండు. ఎవరు నడిపిన్రని ఆయన అడగనే లేదు. నేనే చెప్పిన, ఈ పిల్లనే నడిపిందని. సచ్చిపోయిన మనిషిని ఎవరేం జేస్తరు అనిపించింది. నోట్లకెళ్ళి వచ్చేసింది. ఆయన ఫోన్ కోసం పోయిండు.

"అప్పుడు మీ అక్క వెనక అద్దం కొట్టింది. డోర్లు బిగుసుకపోయినయ్, రెండు చేతుల్తోని కొడుతున్నది. నన్ను తియ్యమని అంటలేదు. మాలతి ఎట్లున్నది, మాలతి ఎట్లున్నది అని అడుగుతున్నది. నేను రాయి తీసుకున్న. ఎడమ చెయ్యి మంచిగనే ఉండె. ఒక్క దెబ్బ చాలు, అద్దం పగులుతది. రాయి లేపిన గూడ.

"గని బయటికొస్తే ఆమె ఏం చెప్తదో నాకు తెలుసు. ఆమెకు అబద్ధం చెప్పుడు రాదు. మాలతిని సంపింది నా మొగుడే అని పోలీసుల ముంగట చెప్తది, మీ అమ్మకు చెప్తది, బతికినన్నొద్దులు నా ముఖం చూసుకుంట చెప్తది. నేను రాయి పట్టుకొని నిలబడ్డ. ఆమె నన్ను చూస్తనే ఉన్నది. నేనెందుకు కొడతలేనో ఆమెకు సమజైంది. కొట్టుడు ఆపింది. కారు బండల మీదికెళ్ళి జారిందాక నేను అట్లనే నిలబడ్డ.

"అది మునిగినంక, నువ్వు దగ్గినవ్ మాలతీ."